నేల, ఋతువు, పంక్తి

తినే పదార్థం పుట్టిన చోటుకూ తినే మనిషి నడతకూ సంబంధం ఉంటుందా అన్న ప్రశ్న పైకి వంటింటి విషయంగా కనిపించినా, లోతుకు వెళ్ళేకొద్దీ అది ధర్మవిచారణగా తేలుతుంది. ఇటలీ పల్లెసీమలలో ఈ ప్రశ్నకు ఆచరణ రూపంలో ఒక సమాధానం ఏర్పడింది. అక్కడ 'అగ్రితురిస్మో' అనే పద్ధతిలో రైతు కుటుంబం తన పొలంలోనే అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేసి, వడ్డించే దానిలో గణనీయమైన భాగం తన నేలలోనో ఇరుగుపొరుగు పొలాలలోనో పండినదై ఉండేటట్లు చూసుకుంటుంది. 1985లో ఇటలీ దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసింది. 'ఒస్తెరియా' అని పిలిచే ఊరి భోజనశాలలలో సైతం వసంతంలో ఆస్పరాగస్, వేసవిలో టమాటా, వంకాయ, శరత్తులో పుట్టగొడుగులు, గుమ్మడి, చలికాలంలో ముదురాకు కూరలు, ఎండు చిక్కుళ్ళు అన్న క్రమంలో వంటకాల పట్టిక మారుతూ వస్తుంది. 1986లో రోమ్ నగరపు 'స్పానిష్ మెట్ల' చెంత మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరవడాన్ని నిరసించిన వారిలో ప్రముఖుడు, వాయవ్య ఇటలీలోని బ్రా పట్టణానికి చెందిన కార్లో పెట్రినీ, ఈ పల్లె అలవాటును ఒక సిద్ధాంతంగా మలిచాడు. 'స్లో ఫుడ్' అన్న పేరుతో 1989లో పారిస్‌లో ప్రణాళిక ప్రకటించిన ఆ ఉద్యమం, మంచి తిండికి రుచి, నేలకు హాని చేయని శుభ్రత, పండించిన వాడికి దక్కే న్యాయం అనే మూడు లక్షణాలు ఉండాలన్నది. తినేవాడు కొనుగోలుదారుగా మిగిలిపోక 'సహ ఉత్పత్తిదారు' అవుతాడని, అంటే పొలంలో జరిగే మంచిచెడ్డలలో అతడికీ బాధ్యత ఉంటుందని కూడా అది చెప్పింది. పెట్రినీ తనను అజ్ఞేయవాదిగా, అంటే దేవుడి ఉనికిని తేల్చి చెప్పలేమనే వాడిగా, చెప్పుకున్నవాడు. అయినా భూమి సంరక్షణ గురించి పోప్ ఫ్రాన్సిస్‌తో అతడు జరిపిన సంభాషణలు 2020లో పుస్తకంగా వచ్చాయి.

ఇదే ప్రశ్నను తెలుగు నేల మీద నిలిపి పరీక్షించడానికి హైదరాబాదులో తార్నాక కంటే తగిన చోటు దొరకడం కష్టం. అక్కడ నడిచి వెళ్ళగలిగినంత దూరంలో తిండి గురించి మూడు వేర్వేరు దృష్టులు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది జాతీయ పోషకాహార సంస్థది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ప్రారంభించిన చిన్న ప్రయోగశాల పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. 2017లో ఆ సంస్థ ప్రచురించిన ఆహార పట్టికలలో 528 పదార్థాల పోషక విలువలు ఉన్నాయి. ఆ పట్టికలలో మాంసకృత్తులకు కులం లేదు, ఇనుముకు ఊరు లేదు. రెండో దృష్టి, తార్నాక కేంద్రంగా పనిచేస్తూ వచ్చిన సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలది. 2004లో ఏర్పడిన ఈ కేంద్రం పురుగుమందులు లేని సాగు వైపు రైతులను నడిపించి, 'సహజ ఆహారం' అన్న పేరుతో రైతుల పంటను నగరంలోని వంటిళ్ళకు చేర్చే ప్రయత్నం చేసింది. దాని లెక్కలో ధాన్యం విలువ అది పండిన తీరులో ఉంది. మూడోది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానిది. అక్కడ తిండి మీద తీవ్రమైన వాదాలు పోషకాల గురించీ పురుగుమందుల గురించీ జరగలేదు. ఎవరి తిండి గౌరవనీయం, ఎవరి పక్కన ఎవరు కూర్చుని ఏమి తినవచ్చు అన్న విషయం మీద జరిగాయి. పదార్థం, పుట్టుక, పంక్తి అనే ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని మిగిలిన రెండింటినీ విడిచినా 'స్థానికమైన, ఋతువుకు తగిన తిండి' అన్న ఆదర్శం వంకరపోతుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ విషయంలో అన్నిటికన్నా లోతుగా ఆలోచించిన ప్రాచీన గ్రంథం తైత్తిరీయోపనిషత్తు. అందులోని భృగువల్లిలో భృగువు తన తండ్రి వరుణుడిని బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని అడుగుతాడు. తండ్రి సమాధానం నేరుగా చెప్పక తపస్సు చేసి తెలుసుకొమ్మంటాడు. కొడుకు మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకుంటాడు, తృప్తి చెందక మళ్ళీ తపస్సు చేస్తాడు. ఆ తరువాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరకు ఆనందం బ్రహ్మమని గ్రహిస్తాడు. చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని మెట్లుగా చదివి, అన్నాన్ని మొదటి మెట్టుగా, ఎక్కిన తరువాత వెనక్కి చూడనక్కరలేని దానిగా ఎంచారు. అయితే ఉపనిషత్తు నడక అందుకు ఒప్పుకోదు. ఆనందం దాకా చేరిన వెంటనే అది మళ్ళీ అన్నం దగ్గరికే దిగివచ్చి నాలుగు వ్రతాలు చెబుతుంది: అన్నాన్ని నిందించకూడదు, అన్నాన్ని తోసిపుచ్చకూడదు, అన్నాన్ని సమృద్ధిగా చేయాలి, ఇంటికి వచ్చిన వాడిని ఎవరినీ కాదనకూడదు. బ్రహ్మజ్ఞానం కలిగిన తరువాత పాటించవలసిన వ్రతాలుగా ఇవి రావడంలోనే దీని గొప్పతనం ఉంది. పరమార్థం తెలిసినవాడికి మిగిలే పని పొలం, వంట, వడ్డన అని ఆ ఋషి భావించాడు. భూమి ఆకాశంలో, ఆకాశం భూమిలో నిలిచి ఉన్నాయనీ, ప్రతిదీ మరొకదానికి అన్నమై, మరొకదాన్ని తినేదై ఉందనీ ఆ భాగం వివరిస్తుంది. తినేవాడు తాను కూడా అన్నమేనని చివరకు పాడే ఆ దృష్టిలో 'సహ ఉత్పత్తిదారు' భావన ఎప్పుడో ఇమిడి ఉంది.

ఈ నాలుగు వ్రతాలలో నేల పేరు గానీ ఋతువు పేరు గానీ లేదు. ఆ రెండూ తెలుగువారి జీవితంలోకి వచ్చింది వైద్యశాస్త్రం ద్వారా, పండుగల ద్వారా. చరకుడు ఆహారాన్ని నిర్ణయించేందుకు చెప్పిన ఎనిమిది అంశాలలో 'దేశం', 'కాలం' రెండూ ఉన్నాయి. దేశమంటే పదార్థం పుట్టిన చోటు, తినేవాడు బ్రతికే చోటు. కాలమంటే ఋతువు, తినేవాడి వయసు, అవస్థ. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఒక అధ్యాయమంతా ఋతుచర్యకే, అంటే ఋతువును బట్టి తిండి, నడవడి మార్చుకునే క్రమానికే, కేటాయించాడు. పండుగలు ఈ శాస్త్రాన్ని పుస్తకంతో పనిలేకుండా నేర్పాయి. ఉగాదినాటి పచ్చడిలో వేపపూత, కొత్త చింతపండు, కొత్త బెల్లం, పచ్చిమామిడి కలవడం, వినాయక చవితికి తెలంగాణ ఇళ్ళలో తుమ్మికూర వండడం, జహీరాబాదు, నారాయణఖేడ్ రైతులు బీదర్, కలబురగి రైతుల మాదిరే ఎల్లమావాస్యనాడు పొలానికి వెళ్ళి పచ్చికాయలు, ఆకుకూరలు కలిపిన బజ్జిని గట్టు మీద కూర్చుని తినడం, ఇవన్నీ ఆ రోజున ఆ నేల మీద ఏముందో దానినే ప్రసాదంగా స్వీకరించే పద్ధతులు. చాతుర్మాస్య వ్రతంలో ఋతువు నిగ్రహం రూపంలో వస్తుంది: నాలుగు నెలలలో వరుసగా కూరలు, పెరుగు, పాలు, పప్పుదినుసులు విడిచిపెడతారు. దొరికే కాలంలో తినడమే కాక, దొరికినా విడవడం కూడా ఋతుధర్మమే అని ఆ వ్రతం చెబుతుంది.

అయితే ఈ స్థానికత ఎంత పాతది? శ్రాద్ధభోజనంలో ఇప్పటికీ చాలా బ్రాహ్మణ కుటుంబాలు మిరపకాయ, టమాటా, బంగాళదుంప వాడవు; మిరియాలతోనే కారం చూసుకుంటాయి. ఆ మూడూ అమెరికా ఖండాల నుంచి, 1492 తరువాత సముద్రాలు దాటి వచ్చినవి. పితృదేవతల పంక్తిలో ఆ వలసకు ముందరి వంటిల్లు అలాగే నిలిచిపోయింది. తక్కిన 364 రోజులూ మాత్రం మిరప లేని తెలుగు వంటిల్లు ఊహకు అందదు. టమాటా లేని ఇటలీ వంటిల్లూ అంతే. ఇటలీ ఆహార చరిత్రకారుడు మాస్సిమో మొంతనారి టమాటా వేసిన స్పగెట్టీ చరిత్రను తవ్వుతూ, ఒక జాతి వంటకం దాని మూలాలలో కాక, పలుచోట్ల నుంచి వచ్చినవి కలిసిన తీరులో ఉందని చూపాడు. ఆయుర్వేదం ఇదే విషయాన్ని 'సాత్మ్యం' అన్న భావనతో ఎప్పుడో పట్టుకుంది. సాత్మ్యమంటే దీర్ఘకాల అభ్యాసం వల్ల దేహానికి ఒప్పుదలైనది. నేల కూడా ఇలాగే అలవాటు పడుతుంది. మూడు నాలుగు వందల ఏళ్ళు రైతు చేతిలో విత్తనమై తిరిగిన మొక్కను పరాయిదనడం న్యాయం కాదు. కాబట్టి స్థానికతను పుట్టుమచ్చలా చూడక, కాలక్రమంలో ఏర్పడే బంధంగా చూడవలసి ఉంటుంది.

స్థానికమైన తిండిని పొగిడే గ్రంథాలలో చోటు దొరకని ఒక చరిత్ర ఉంది. ఇటలీ పల్లెనూ తార్నాకనూ కలిపేది కూడా అదే. అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న 18వ శతాబ్దానికల్లా ఉత్తర ఇటలీ మైదానాలలో స్థానిక పంట అయిపోయింది. దాని పిండితో చేసే 'పొలెంతా' అనే సంకటి ఆ రైతుకూలీల ఏకైక ఆహారమైంది. వాళ్ళు పండించిన గోధుమ భూస్వామి వాటాకూ పట్నపు అంగడికీ వెళ్ళేది. ఏళ్ళ తరబడి ఆ సంకటి మీదే బ్రతికినవారికి ఎండ తగిలిన చర్మం మొద్దుబారి పొట్టు లేవడం, విరేచనాలు, చివరకు మతిభ్రమణ కలిగేవి. మిలాన్ వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రాపోలి 1771లో ఈ వ్యాధికి 'పెలాగ్రా' అని పేరు పెట్టాడు. అది నయాసిన్ అనే విటమిను లోపమని తేలడానికి 20వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. మొక్కజొన్న పుట్టిన మెక్సికోలో దాన్ని సున్నపునీటిలో ఉడికించే అలవాటు ఉండడం వల్ల అందులోని నయాసిన్ దేహానికి అందేది. గింజ సముద్రం దాటింది గాని ఆ వంట విద్య వెంట రాలేదు.

దాదాపు రెండు శతాబ్దాల తరువాత అదే వ్యాధి దక్కను పీఠభూమి మీద, ఈసారి పూర్తిగా స్థానికమైన జొన్న తినేవారిలో కనిపించింది. తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య దీన్ని అధ్యయనం చేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమైనో ఆమ్లం నయాసిన్ వినియోగానికి అడ్డుపడుతూ ఉండవచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి. కానీ రోగులు ఎవరన్నదాని మీద వివాదం లేదు. పప్పు, పాలు, కూర, మాంసం కొనే శక్తి లేక, జొన్న గటకతో, జొన్నరొట్టెతోనే పూట గడిపిన నిరుపేదలు వారు. వారి తిండి స్థానికం, ఋతువుకు తగినది, రసాయనాలు సోకనిది, ఊరి పొలిమేర దాటనిది. పల్లె భోజనశాల నేడు గొప్పగా ప్రకటించుకునే ప్రతి లక్షణమూ అందులో ఉంది. అయినా అది వారిని రోగగ్రస్తులను చేసింది, ఎందుకంటే ఆ గిన్నెలో రెండో పదార్థం లేదు. తరువాతి దశాబ్దాలలో పేదల తిండిలో ఇతర పదార్థాల వాటా పెరిగేకొద్దీ పెలాగ్రా అరుదైపోయింది. మెక్‌కారిసన్ కూనూరులో ఎలుకలకు భారతదేశపు వేర్వేరు ప్రాంతాల భోజనాలు పెట్టి వాటి ఎదుగుదలను పోల్చినప్పుడు కూడా, స్థానిక భోజనాలన్నీ సమానం కావని తేలింది. గోధుమ, పాలు, కూరలు కలిసిన పంజాబు సిక్కుల భోజనంతో పెరిగినవి బలంగా ఉంటే, బియ్యమే ఎక్కువగా ఉన్న దక్షిణాది భోజనంతో పెరిగినవి నీరసించాయి.

నేడు పొలెంతా ఇటలీ పల్లె భోజనశాలలో ఆదరంగా అడిగి తినే వంటకం. జొన్నరొట్టె హైదరాబాదులో ఖరీదైన హోటళ్ళ పట్టికలోకి ఎక్కింది. గింజ మారలేదు, నేల మారలేదు. తినేవాడికి వేరేది తినే స్వేచ్ఛ వచ్చింది. ఎంపికగా వచ్చినప్పుడు నిరాడంబరత అయ్యేది, గత్యంతరం లేక వచ్చినప్పుడు లేమి అవుతుంది. ఉపనిషత్తు నాలుగు వ్రతాలలో సమృద్ధిగా చేయమన్న మూడో వ్రతం ప్రాముఖ్యం ఇక్కడ తెలుస్తుంది. అన్నాన్ని నిందించవద్దన్న మొదటి వ్రతాన్ని మాత్రమే పట్టుకుని పేదవాడికి వాడి జొన్నగటకనే పవిత్రమని బోధించడం ఆ గ్రంథానికి చేసే అన్యాయం.

ఈ చిక్కును పుస్తకాలలో కాక పొలాలలో ఎదుర్కొన్నవారు జహీరాబాదు ప్రాంతపు మహిళా సంఘాల వారు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, 2023లో కన్నుమూసిన పి. వి. సతీష్ తదితరుల తోడ్పాటుతో, ఎక్కువగా దళిత స్త్రీలు సంఘాలుగా కూడి బీడుపడిన భూములను సాగులోకి తెచ్చారు. అదే 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం ప్రారంభించింది. అది ఆకలిని తగ్గించిన గొప్ప పని అయినప్పటికీ, మెట్టపొలాలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ పండించే వారికి పండించవలసిన అవసరం లేకుండా చేసింది. సంఘాల స్త్రీలు ఆ బియ్యాన్ని తిరస్కరించమని ఉపన్యసించలేదు; తమ ఊళ్ళోనే పండిన జొన్నను తమ ఊరి పేదలకు అందించే ప్రత్యామ్నాయ చౌకధరల వ్యవస్థను నెలకొల్పి, ఎవరు పేదలో ఊరివారే కూర్చుని నిర్ణయించుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఒకే పొలంలో జొన్నతో పాటు కంది, పెసర, అనుములు, నువ్వులు కలిపి విత్తడం, విత్తకుండానే మొలిచే దొగ్గలి, జొన్నచెంచలి వంటి కూరలను కలుపుమొక్కలని పీకేయక వండుకోవడం వారి సాగులో భాగం. పెలాగ్రాకు కారణమైన ఒంటరి జొన్నకు ఈ పొలంలో తోడు దొరికింది. ఏటా సంక్రాంతి వేళ మొదలై ఊరూరా విత్తనాల బండ్లతో సాగే పాత పంటల జాతర ఈ పద్ధతికి పండుగ రూపం. జహీరాబాదులో ఆ సొసైటీ నడిపిన 'కెఫే ఎత్నిక్' అనే భోజనశాల ఇటలీ పల్లె ఒస్తెరియాకు తెలుగు నేల మీద అన్నిటికన్నా దగ్గరి పోలిక. రహదారిన పోయే ప్రయాణికుడికి అక్కడ చిరుధాన్యాల భోజనం దొరికింది.

స్థానికత మీద ఆధునిక భారతదేశంలో జరిగిన ఆలోచనకు రెండు కొసలు ఉన్నాయి. గాంధీ 1916లో మద్రాసులో క్రైస్తవ మతప్రచారకుల సభలో స్వదేశీని నిర్వచిస్తూ, దూరపు వాటిని వదిలి దగ్గరి పరిసరాలను వాడుకోవడానికీ సేవించడానికీ మనల్ని పరిమితం చేసే స్ఫూర్తి అది అన్నాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ మాత్రం పల్లెను సంకుచితమైన స్థానికతకు, అజ్ఞానానికి, వర్గ విద్వేషాలకు నెలవుగా వర్ణించాడు. పొరుగువాడు తన పొరుగువాడిని చెరువులో నీళ్ళు ముట్టనివ్వని చోట 'దగ్గరి పరిసరాల సేవ' అన్న మాటకు అర్థమేమిటన్నది అంబేడ్కర్ మాటల వెనక ఉన్న ప్రశ్న. తిండి విషయంలో ఈ ప్రశ్నను తప్పించుకోలేమని ఉస్మానియా ప్రాంగణం చూపింది. 2012 ఏప్రిల్ 15న అక్కడ దళిత విద్యార్థులు నిర్వహించిన గొడ్డుమాంస భోజనోత్సవం ఘర్షణలకు దారితీసింది. 2015 డిసెంబరులో మళ్ళీ తలపెట్టినప్పుడు హైకోర్టు అనుమతించలేదు. ఆవు పవిత్రతను విశ్వసించేవారి మనోభావం నిజమైనదే, దాన్ని తేలికగా తోసివేయరాదు. అలాగే తరతరాలుగా ఊరి చివర తమకు దక్కిన మాంసాన్ని ఎండబెట్టి, దాచుకుని, పండుగకు వండుకున్నవారి జ్ఞాపకమూ నిజమైనదే. స్థానికతనే కొలబద్దగా తీసుకుంటే దక్కను పల్లెలలో ఆ వంటకానికి జొన్నరొట్టెతో సమానమైన ప్రాచీనత ఉంది. అయినా స్థానిక వంటలను కీర్తించే పుస్తకాలలో దానికి చోటు అరుదు. ఒకప్పుడు నిజాం రాజ్యంలోనే ఉన్న మరఠ్వాడా దళితుల వంటల గురించి షాహూ పాటోళే 2015లో రాసిన మరాఠీ పుస్తకానికి, అన్నం పూర్ణబ్రహ్మమన్న నానుడిని తిరగవేసి, అది అపూర్ణబ్రహ్మమని పేరు పెట్టాడు. కొందరి తిండిని లెక్కలోకి తీసుకోని బ్రహ్మం పూర్ణం కాజాలదన్న ఆ ఆక్షేపణకు సనాతన సంప్రదాయంలోని వారు సమాధానం చెప్పవలసే ఉంది.

ఆ సమాధానం సంప్రదాయం లోపలి నుంచే రావచ్చు. నాలుగో వ్రతం, వచ్చినవాడిని ఎవరినీ కాదనవద్దని చెప్పినప్పుడు, ఆ రాబోయేవాడి కులాన్ని అడగమనలేదు. 12వ శతాబ్దపు పల్నాటిలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. ఆ చాపకూడు సంప్రదాయాన్ని కారంపూడి వీరుల ఉత్సవాలలో నేటికీ పాటిస్తారు. ఆ చాప మీద వడ్డించింది పల్నాటి నేల మీద పండినదే అయి ఉంటుంది. కానీ జనం గుర్తుపెట్టుకున్నది దానిని కాదు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న దానిని. నేలకూ ఋతువుకూ విధేయమైన తిండి పంక్తిని కూడా విశాలం చేస్తేనే ఉపనిషత్తు చెప్పిన నాలుగు వ్రతాలూ ఒకచోట నెరవేరుతాయి. పంక్తిని ఇరుకు చేసే స్థానికత మడికట్టుకునే ఆచారానికి మరో రూపం మాత్రమే.

ఈ కొలతతో చూసినప్పుడు పల్లె భోజనశాలను, అది ఇటలీలోనిదైనా తెలంగాణలోనిదైనా, అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది: ఆ ధాన్యాన్ని పండించినవారు దాన్ని తింటున్నారా, లేక పట్నవాసికి అమ్మి తాము చౌకబియ్యంతో సరిపెట్టుకుంటున్నారా? చిరుధాన్యాలకు గిరాకీ పెరిగి ధర ఎక్కినకొద్దీ రెండోది జరిగే ప్రమాదం ఎక్కువవుతుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు జరిగిన సంబరాలలో ఈ సంగతి మీద చర్చ చాలా తక్కువగా జరిగింది. తార్నాక ప్రాంతం నుంచి పనిచేస్తూ వచ్చిన వాసన్ అనే సంస్థ తోడ్పాటుతో ఒడిశా ప్రభుత్వం 2017లో గిరిజన జిల్లాలలో ప్రారంభించిన చిరుధాన్యాల పథకం ఈ విషయంలో క్రమాన్ని జాగ్రత్తగా ఎంచుకుంది. రాగులను, అంటే తెలంగాణలో తైదలనే వాటిని, పండించే ఇళ్ళలోనే తిరిగి తినేటట్లు చేయడాన్ని అది మొదటి లక్ష్యంగా పెట్టుకుంది. ప్రభుత్వ కొనుగోలు, చౌకధరల దుకాణాలలో పంపిణీ, అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు వంటివి దానితో ముడిపడి వచ్చాయి. పట్నపు భోజనశాలలకు ఆ వరుసలో చోటు ఉంది, అది చివరి చోటు.